గాల్లో నాలుగు గంటలు, నేల మీద ఒక రోజు

నేను గుంటూరులో ఇరవై రెండేళ్ళు విమాన టికెట్లు రాశాను. విమానం ఎక్కింది మాత్రం రెండుసార్లే. ఒకటి హైదరాబాదు నుంచి మద్రాసు, ఇంకొకటి మద్రాసు నుంచి హైదరాబాదు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. ట్రావెల్ కోర్సు చదివి ఈ పనిలోకి వస్తున్న పిల్లలు చాలామంది ఇది ఊళ్ళు తిరిగే ఉద్యోగమనుకుంటారు. కుర్చీలో కూర్చుని, ఇంకొకరు చెయ్యబోయే ప్రయాణాన్ని వాళ్ళకంటే ముందు మనసులో నడిచి చూడటమే ఇందులో ఉన్న పని. కంప్యూటరు టికెట్టు ఇస్తుంది. ఆ నడిచి చూడటం మాత్రం మనమే చెయ్యాలి.

జీతాలు ఎంత పెరిగాయి, ఏ ఏజెన్సీ పెట్టుకోవడానికి ఏ కాగితాలు కావాలి అన్నవి ఇక్కడ రాయను. అవి అడిగితే ఎవరైనా చెబుతారు. నేను చేసిన ఒక తప్పు గురించి, దాన్ని అనుభవించిన కుటుంబం గురించి రాస్తాను.

ఎన్ని గంటలు పడుద్ది?

మా ఆఫీసు అరండల్‌పేటలో, ఒక మందుల షాపు పైన ఒకే ఒక్క గది. యజమాని సుబ్బరామయ్యగారు. రైల్వే రిజర్వేషన్ కౌంటర్లో చాలా ఏళ్ళు చేసి, రిటైరయ్యాక ఈ ట్రావెల్స్ పెట్టారు. నేను టైపు ఇన్‌స్టిట్యూట్ నుంచి తొంభైల మధ్యలో వచ్చి ఆయన దగ్గర చేరాను. ఆయన నెమ్మది మనిషి. టైంటేబుల్ తెరిస్తే ముందు కిందనున్న చిన్నక్షరాలు చదివేవారు. "ఈ పుస్తకం ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా చెల్లుద్దో చూసుకోమ్మా, తర్వాత రైలు చూద్దువుగాని" అనేవారు. నాకది చాదస్తంగా ఉండేది.

వచ్చినవాళ్ళందరూ అడిగేది ఒకటే. ఎంత దూరం, ఎన్ని గంటలు. పుస్తకంలో రెండింటికీ సమాధానం ఉంటుంది. ఆ సమాధానం నిజమే. కానీ అది విమానం చేసే ప్రయాణానికి సమాధానం, మనిషి చేసే ప్రయాణానికి కాదు.

మిర్చి యార్డులో వ్యాపారం చేసే కోటేశ్వరరావుగారని ఒకాయన ఉండేవారు. కొలంబోకి మిర్చి పంపేవారు. ఒకసారి మా గోడ మీదున్న పటాన్ని స్కేలుతో కొలిచి, "ఏందమ్మా, గుంటూరు నుంచి ఢిల్లీ కంటే కొలంబోనే దగ్గర గదా" అన్నారు. నిజమే, దగ్గరే.

"మద్రాసు నుంచి గంటన్నర కూడా పట్టదు. పొద్దున పోయి, పని చూసుకుని, రాత్రికి ఇంటికొచ్చి అన్నం తింటా" అన్నారు.

"మద్రాసుకి ఎట్టా వెళ్తారండి?" అని అడిగాను.

"రైలుకి."

"ఆ రైలు సంగతి, విమానానికి రెండు మూడు గంటల ముందు అక్కడుండాల్సిన సంగతి, తిరుగు విమానం ఎప్పుడుందన్న సంగతి చూడాలి కదండీ."

ఆయన విన్లేదు. నాలుగో రోజు తిరిగొచ్చి, "గంటన్నర ప్రయాణానికి మూడు రోజులు తిన్నారమ్మా" అని మా మీదే కేకలేశారు. సుబ్బరామయ్యగారు, నేనూ ఆయన వెళ్ళాక నవ్వుకున్నాం. మాకు అన్నీ తెలుసనుకునే రోజులవి.

నేను చెప్పిన ఆరు గంటలు

ఆ తర్వాత ఏడాది, మే నెలలో, పొద్దున పదింటప్పుడు ఒకతను మెట్లెక్కి వచ్చాడు. పేరు జయరాజు. ప్రత్తిపాడు దగ్గర పల్లెలో బడిపంతులు. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఇంకొకదానికి పెట్టుకున్నాడు.

"మా అమ్మ తెల్లవారుజామున చనిపోయిందండి. మా అక్క కువైట్‌లో నర్సు. కింద ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి వస్తున్నా. వాళ్ళ ఆసుపత్రివాళ్ళు టికెట్ ఇచ్చారంట. మధ్యాహ్నం రెండింటికి బొంబాయి విమానం ఎక్కుద్దంట. ఇక్కడికి ఎప్పటికి వచ్చుద్దండి? దాన్నిబట్టి భూస్థాపన పెట్టుకోవాలి."

నేను పుస్తకం తీశాను. కువైట్ నుంచి బొంబాయి రెండు వేల ఏడెనిమిది వందల కిలోమీటర్లు, ప్రయాణం సుమారు నాలుగు గంటలు. రెండుకి నాలుగు కలిపాను. ఆరు. బొంబాయి నుంచి హైదరాబాదుకు ఆఖరి విమానం ఎనిమిది దాటాక ఉంది. అందుకుంటుంది. హైదరాబాదు నుంచి కారులో ఆరేడు గంటలు.

"తెల్లారేసరికి ఇంట్లో ఉంటారండి. హైదరాబాదులో కారు మేం పెట్టిస్తాం. దారిలో ఏదన్నా ఇబ్బందైతే ఈ నంబరుకి ఫోన్ చెయ్యమని చెప్పండి" అని మా ఆఫీసు కార్డు ఇచ్చాను.

అతను ఒక్కసారి ఊపిరి పీల్చుకుని, "అయితే రేపు తొమ్మిదింటికి పెట్టుకోవచ్చు" అన్నాడు.

"పెట్టుకోండి" అన్నాను.

రెండు నిమిషాల్లో చెప్పాను ఇదంతా. బాధలో ఉన్న మనిషికి గబగబా సమాధానం చెప్పగలిగానని లోపల కొంచెం గర్వం కూడా కలిగింది.

కువైట్‌లో మధ్యాహ్నం రెండయితే మనకు సాయంత్రం నాలుగున్నర. వాళ్ళ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. ఇది నాకు తెలియని సంగతి కాదు. ఎంతోమందికి నోటితో చెప్పిన సంగతే. టికెట్ మేం రాసుంటే, దాని మీద దిగే వేళ అచ్చులో ఉండేది కాబట్టి తప్పు దొర్లేది కాదు. ఆ టికెట్ కువైట్‌లో తీసింది. నా ముందున్నవి జయరాజు చెప్పిన రెండు గంటలు, పుస్తకంలో ఉన్న నాలుగు గంటలు, ఆ రెండే. రెండింటినీ కలిపేశాను.

జయరాజు అక్క సుగుణ బొంబాయిలో దిగేసరికి ఎనిమిదిన్నర. హైదరాబాదు విమానం వెళ్ళిపోయింది. ఆమె నేనిచ్చిన నంబరుకు ఫోన్ చేసింది. మా ఆఫీసు ఎనిమిదింటికి మూసేస్తాం. తాళం వేసిన గదిలో ఫోన్ మోగుతూనే ఉంది. పల్లెలో వాళ్ళింట్లో ఫోన్ లేదు. ఆమె ఆ రాత్రంతా బొంబాయి ఎయిర్‌పోర్టులో కుర్చీలో కూర్చుంది.

మర్నాడు తొమ్మిదింటికి నేను తాళం తీస్తుండగానే ఫోన్ మోగింది. మేం పెట్టిన కారు డ్రైవరు. "ఆఖరి విమానం దాకా చూశానండి, ఆవిడ రాలేదు" అన్నాడు. రిసీవరు పట్టుకునే పుస్తకం తెరిచాను. రెండున్నర గంటలు అప్పుడు కనబడ్డాయి నాకు.

వాళ్ళ ఊళ్ళో ఎరువుల దుకాణంలో ఒక ఫోన్ ఉందని జయరాజు చెప్పి ఉన్నాడు. దానికి చేశాను. "ఆమె పొద్దుటి విమానానికి వస్తారు, ఇంటికి చేరేసరికి సాయంత్రం నాలుగవుతుంది, దయచేసి కబురు చెప్పండి" అన్నాను. దుకాణం ఆయన సరేనన్నాడు.

మధ్యాహ్నం పన్నెండింటికి భూస్థాపన చేసేశారు. సుగుణ నాలుగింటికి వచ్చింది.

ఆమె అడిగిన ప్రశ్న

ఐదో రోజు సుగుణ మా ఆఫీసుకు వచ్చింది. వెనకాల జయరాజు. ఆమె ముప్పై ఏళ్ళు దాటిన మనిషి, తెల్ల చీర, చేతికి పెద్ద అంకెల గడియారం. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆరింటికి దిగుద్దని చెప్పింది ఎవరండీ?" అంది.

సుబ్బరామయ్యగారు నాకంటే ముందు అందుకున్నారు. "టికెట్ మాది కాదమ్మా. ఎక్కడ కొన్నారో వాళ్ళు చెప్పాల్సింది."

మా యజమాని మంచివాడు. కానీ ఆ మాట మంచిది కాదు. ఇన్నేళ్ళలో ఆయన అన్న మాటల్లో నాకు నచ్చనిది అదొక్కటే. నన్ను కాపాడటానికి అన్నారని తెలుసు. అయినా సరే.

"నేనే చెప్పానండి. వాళ్ళ టైముకి మన టైముకి తేడా కలపడం మర్చిపోయాను. తప్పు నాదే" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది.

"ముందే తెలిస్తే గుంటూరు పెద్దాసుపత్రిలో మార్చురీలో ఉంచుకునేవాళ్ళు. ఐసు దిమ్మలు పొద్దున తొమ్మిదింటిదాకా సరిపోయేటట్టు తెచ్చుకున్నారు. మే నెలండీ" అంది. గొంతు పెంచలేదు.

"తప్పు తెలియగానే తొమ్మిదింటికి మీ ఊరికి ఫోన్ చేశానండి. సాయంత్రం నాలుగుకి వస్తారని ఎరువుల దుకాణంలో చెప్పాను."

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. జయరాజు నేల చూశాడు. "ఆ కబురు మాకు అందలేదక్కా" అన్నాడు.

దుకాణం ఆయన చెప్పడం మర్చిపోయాడు కాబోలనుకున్నాను.

అప్పుడామె కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఎట్టా లెక్కేశారో చూపించండి" అంది. కాగితం మీద రాసి చూపించాను. రెండు, నాలుగు, ఆరు. ఆమె పెన్సిల్ తీసుకుని ఆ అంకెల మీద కాసేపు ఆడించింది.

"మేం సూది మందు డోసు తీసేటప్పుడు పక్కన ఇంకో నర్సుకి చూపిస్తాం. ఎంత చిన్న లెక్కయినా సరే. చూపించకుండా ఇవ్వనివ్వరు. మీరు ఎవరికీ చూపించరా?"

"లేదండి."

"ఎందుకని?"

ఆమె నా లెక్క కాగితం మడిచి పక్కన పెట్టింది.

"నా తిరుగు ప్రయాణం మీరే చూడండి. ఇద్దరూ చూసి చెప్పండి" అంది.

నేను రాశాను. ఎక్కే వేళ, దిగే వేళ, అక్కడి గడియారం ప్రకారం ఒక వరసలో, మన గడియారం ప్రకారం పక్క వరసలో. సుబ్బరామయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని ప్రతి అంకె మీదా వేలు పెట్టి చూసి, కింద సంతకం చేశారు. అప్పటినుంచి ఆ ఆఫీసులో రెండు చేతులు పడకుండా ఏ ప్రయాణం వివరమూ బయటికి వెళ్ళలేదు. ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి సంగతి చెబుతాను.

అడిగి రాసుకున్నవి

ఈలోగా నేను ఇంకో పని మొదలుపెట్టాను. తిరిగొచ్చిన ప్రతివాళ్ళనీ, "మీ గడప దాటిన దగ్గర్నుంచి అక్కడ గడప తొక్కేదాకా ఎంతసేపు పట్టింది?" అని అడిగి ఒక నోటు పుస్తకంలో రాసుకునేదాన్ని. మొదట్లో జనం నవ్వారు. తర్వాత వాళ్ళే వచ్చి చెప్పడం మొదలుపెట్టారు.

ఆ పుస్తకం నేర్పినవి కొన్ని. పడమటికి వెళ్ళే విమానానికి ఎదురుగాలి. అందుకే లండన్ వెళ్ళేటప్పుడు పట్టినంతసేపు వచ్చేటప్పుడు పట్టదు. దూరం అదే. జనవరిలో ఢిల్లీ పొగమంచుకి రెండు గంటల ప్రయాణం ఒక పూటవుతుంది. తాడేపల్లి దగ్గర వారధి మీద లారీ ఆగిపోతే గన్నవరం విమానం మర్చిపోవచ్చు. హైదరాబాదు ఎయిర్‌పోర్టు బేగంపేట నుంచి శంషాబాదుకు మారినప్పుడు, మనవాళ్ళు విమానంలో ఎక్కువసేపు కూర్చోలేదు కానీ ఊరి బయట రోడ్డు కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. పటం మీద తిన్నగా గీసిన గీత దగ్గరి దారి కాదు. అమెరికా విమానం ఉత్తరంగా ఎందుకు పోతుందని అడిగినవాళ్ళకు సుబ్బరామయ్యగారు స్కూలు పిల్లల గ్లోబు మీద దారం బిగించి చూపించేవారు.

ఇవేవీ కష్టమైన సంగతులు కావు. కానీ వచ్చినవాళ్ళని అడగనిదే తెలియవు. ఎవరూ అడగరు.

ఏసుపాదం ఎందుకు వెళ్ళాడు

ఏడెనిమిదేళ్ళు గడిచాయి. సుగుణ కువైట్ వదిలి ఐర్లండులో, డబ్లిన్ ఆసుపత్రిలో చేరింది. అక్కడే ఉంటున్న మనవాళ్ళ అబ్బాయిని పెళ్ళి చేసుకుంది. ఆ సంబంధం మాట్లాడుకోవడానికి, పెళ్ళికి, రెండుసార్లు ఊరొచ్చి వెళ్ళింది. ప్రతిసారీ టికెట్ మా దగ్గరే.

ఒక మార్చి నెలలో జయరాజు వాళ్ళ నాన్నను తీసుకుని వచ్చాడు. పేరు ఏసుపాదం. డెబ్భైకి దగ్గరపడిన మనిషి. జీవితమంతా మిరప తోటల్లో, పత్తి చేలల్లో కూలిపని చేసినాయన. చదువు రాదు. అంకెలు, గడియారం చూడటం వచ్చు. సుగుణకు కాన్పు కష్టమై, రెండు నెలలు మంచం దిగొద్దన్నారట. భర్తకు సెలవు దొరకదు. జయరాజుకు పదో తరగతి పరీక్షల డ్యూటీ. "నేను పోతా" అన్నాడట ముసలాయన. అంతకు ముందు ఆయన ఎక్కిన రైలు కూడా రెండు మూడుసార్లకు మించదు.

జయరాజు ఫోటోలు తేవడానికి కిందకి వెళ్ళినప్పుడు ఆయన నాతో, "అమ్మాయ్, నీతో ఒక మాట చెప్పాలి" అన్నాడు.

"చెప్పండి."

"ఆ రోజు నువ్వు ఎరువుల కొట్టుకు ఫోన్ చేశావంట గదా. ఆ కబురు మాకు అందింది."

నేను రాస్తున్నది ఆపాను.

"పది కాకముందే వచ్చి చెప్పాడు కొట్టాయన. మావాడు సాయంత్రం దాకా ఆగుదామన్నాడు. నేనే వద్దన్నా. అప్పటికే ఐసు కరిగిపోయింది. నా పెళ్ళాం మొహం మారిపోతా ఉంది. అది వచ్చి ఆ మొహం చూస్తే, ఇంక జన్మంతా అదే గుర్తుంటది దానికి. పన్నెండింటికి తీసేద్దామన్నా. కబురు అందలేదని చెప్పమని వాణ్ణి ఒట్టేయించుకున్నా." ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "అది నీ మీద కోపం పెట్టుకుని పోయింది. నా మీద పెట్టుకోవాల్సింది. ఫోన్లో చెప్పే మాట కాదు ఇది. అందుకు పోతున్నా."

నా లెక్క తప్పకపోతే ఐసు చాలకపోవడమే ఉండేది కాదు. ఆ మాటే అన్నాను.

"అది నీ సంగతి. ఇది నా సంగతి" అన్నాడాయన.

మూడు చీటీలు

హైదరాబాదు నుంచి డబ్లిన్ గాల్లో ఎనిమిది వేల కిలోమీటర్ల పైమాట. ఆయన హైదరాబాదులో ఎక్కి బొంబాయిలో మారాలి, అక్కడ ఎక్కి లండన్‌లో మారాలి. ఒంటరిగా. ఒక్క ఇంగ్లీషు ముక్క రాకుండా.

నేను మూడు చీటీలు తయారుచేశాను. ఎక్కాల్సిన విమానానికి ఒక్కొక్కటి. పైన ఇంగ్లీషులో, ఈయనకు భాష రాదు, ఫలానా విమానం ఎక్కాలి, దారి చూపించండి అని రాశాను. కింద ఒక గడియారం బొమ్మ గీసి, విమానం ఎన్నింటికి కదులుతుందో ముళ్ళు పెట్టాను. అన్నీ మన టైములోనే.

"బాబాయ్, చేతి గడియారం ఎక్కడా తిప్పొద్దు. ఎవరు చెప్పినా తిప్పొద్దు. బొమ్మలో ముల్లు, మీ గడియారంలో ముల్లు ఒకటయ్యేలోపు విమానంలో కూర్చుని ఉండాలి" అన్నాను.

ఆయనకు వెంటనే అర్థమైంది. నాకు ఆ ఉపాయం చాలా నచ్చింది. అంత నచ్చింది గనకే తప్పు కనబడలేదు.

ఆ శుక్రవారం సుబ్బరామయ్యగారు చీరాలలో పెళ్ళికి వెళ్ళారు. శనివారం పొద్దున్నే తండ్రీ కొడుకులు హైదరాబాదు బయల్దేరాలి. రెండో సంతకం లేకుండానే చీటీలు ఇచ్చేశాను.

శనివారం సాయంత్రం నాలుగింటికి సుబ్బరామయ్యగారు వచ్చి, ఆఫీసు కాపీ అడిగి తీసుకున్నారు. కళ్ళజోడు పెట్టుకున్నారు. మూడో చీటీ దగ్గర వేలు ఆగింది.

"విజయమ్మా, లండన్‌లో పదిన్నర విమానానికి మన టైము నాలుగని వేశావు."

"ఐదున్నర గంటల తేడా కదండీ."

"ఈ టైంటేబుల్ ఎప్పటి నుంచి చెల్లుద్ది?"

చూశాను. ఆ ఆదివారం నుంచి కొత్త షెడ్యూలు. ఎండాకాలం వెలుతురు కలిసొస్తుందని, ఏటా మార్చి ఆఖరి ఆదివారం లండన్‌వాళ్ళు గడియారాలన్నీ ఒక గంట ముందుకు తిప్పుతారు. ఏసుపాదం గాల్లో ఉండగానే అక్కడ గంట మారిపోతుంది. తేడా ఐదున్నర కాదు, నాలుగున్నర. విమానం మన మూడు గంటలకే కదిలిపోతుంది. ఆయన నాలుగు దాకా నిశ్చింతగా కూర్చుంటాడు.

జయరాజు అప్పటికి సెల్ ఫోన్ కొన్నాడు. చేశాను.

"నాన్న లోపలికి వెళ్ళిపోయాడండి. నేను బయట అద్దం దగ్గరున్నా. కనబడుతున్నాడు" అన్నాడు.

"మూడో చీటీలో నాలుగు కాదు, మూడు. ఎట్టాగైనా చెప్పు."

అద్దం మందం. మాట వినబడదు. కాపలావాళ్ళు లోపలికి వదల్లేదు. జయరాజు అద్దం మీద కొట్టి, తండ్రి ఇటు తిరిగాక, చేతి గడియారం చూపించి మూడు వేళ్ళు ఎత్తాడు. మళ్ళీ ఎత్తాడు. "చూశాడండి. తల ఊపాడు" అన్నాడు నాతో. గొంతులో నమ్మకం లేదు.

సుగుణకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. "రెండోవాళ్ళకి చూపించారా?" అంది.

"ఇచ్చేముందు చూపించలేదు. ఇచ్చాక చూపించాను."

"సరే. లండన్ ఎయిర్‌పోర్టుకి ఫోన్ చేసి చెప్పి చూస్తా" అని పెట్టేసింది.

మర్నాడు ఆదివారం. మాకు సెలవు. అయినా మధ్యాహ్నం నుంచి ఇద్దరం ఆఫీసులోనే కూర్చున్నాం. మూడయింది. నాలుగయింది. ఐదు దాటాక ఫోన్ మోగింది.

"నాన్న వచ్చాడండి" అంది సుగుణ. అంతే అని పెట్టేసింది. నేను కిందకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను.

ఆయన చెప్పింది

మూడు నెలల తర్వాత ఏసుపాదం ఒక్కడే మా ఆఫీసుకు వచ్చాడు. మనిషి కాస్త ఒళ్ళు చేశాడు. కాళ్ళకు బూట్లు.

"లండన్‌లో మూడింటికే విమానం అని అబ్బాయి చెప్పింది బాగా అర్థం చేసుకున్నారు బాబాయ్" అన్నాను.

"ఏం చెప్పాడు?"

"అద్దంలోంచి మూడు వేళ్ళు చూపించలేదా?"

"అదా. మూడు చీటీలు జేబులో ఉన్నాయా అని అడుగుతున్నాడనుకున్నా. ఉన్నాయని తల ఊపా."

సుబ్బరామయ్యగారూ నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. సుగుణ లండన్ ఎయిర్‌పోర్టుకి చేసిన ఫోన్ కూడా ఎవరికీ అందలేదట. మరెలా ఎక్కారని అడిగాను.

"దిగంగానే చీటీ చూపించా. ఒకామె తీసుకెళ్ళి తలుపు దగ్గర కూర్చోబెట్టింది. ఇంక నేను అక్కణ్ణించి లేవలేదు. పనిలోకి పోయే ట్రాక్టరు ఎన్నింటికి వచ్చుద్దో మాకు ఎవరు చెప్తారమ్మా? ముందుబోయి కూర్చుంటాం. జనం లేస్తే లేస్తాం. అక్కడా అంతే. జనం లేచారు, నేనూ లేచా. నీ బొమ్మలో ఇంకా టైముందే అనుకున్నా. అయినా ఎక్కా."

కాబట్టి ఆయన్ను చేర్చింది నా లెక్కా కాదు, మేం చేసిన దిద్దుబాటూ కాదు. కొత్తగా వచ్చే పిల్లలకు ఇది కూడా చెప్పాలి. మనం జాగ్రత్తగా ఉండాల్సిందే, రెండు చేతులు పడాల్సిందే. అయినా కొన్నిసార్లు మన తప్పుని ప్రయాణికుడే తన తెలివితో దాటేస్తాడు, ఆ పేరు మనం తీసుకోకూడదు.

సుబ్బరామయ్యగారు టీ చెప్పడానికి బయటికి వెళ్ళారు. నేను గొంతు తగ్గించి అడిగాను.

"సుగుణగారితో చెప్పారా?"

"చెప్పా. అక్కడికి పోయాక వారం రోజులకి చెప్పా. పిల్ల నా ఒళ్ళో ఉంది."

"ఏమన్నారు?"

"దానికి ముందే తెలుసంట. మీ ఆఫీసుకు వచ్చిన రోజే, తిరిగి ఊరికి పోతా బస్సులో తమ్ముణ్ణి నిలదీసిందంట. వాడు ఏడ్చి చెప్పేశాడంట."

"మరి ఇన్నేళ్ళూ మిమ్మల్ని అడగలేదా?"

ఏసుపాదం చేతుల్లోకి చూసుకున్నాడు.

"నేనూ అదే అడిగానమ్మా. 'అడిగితే నువ్వు ఇంకోసారి అబద్ధం చెప్పాల్సి వచ్చుద్ది నాన్నా, అందుకని అడగలా' అంది."